టీచర్ ఉద్యోగంలో ఉండి ఎమ్మెల్సీకో ఎమ్మెల్యేకో నిలబడొచ్చా?

కావలి పిల్లోడు:
మా బావ కందుకూరు పక్కన జెడ్పీ హైస్కూల్లో సోషల్ చెప్తాడు, 2008 డీఎస్సీ. యూనియన్లో బాగా తిరుగుతాడు, ఎవరికి ఇంక్రిమెంట్ పడకపోయినా వాళ్ళ సర్వీస్ రిజిస్టర్ చంకన పెట్టుకుని ట్రెజరీకి ఈయనే పోతాడు. ఆ పేరు చూసుకుని ఇప్పుడు రాజకీయాల మీదకి పోయింది మనసు. 2029లో టీచర్ ఎమ్మెల్సీ వస్తది, కాదంటే ఏ పార్టీ అయినా ఎమ్మెల్యే టికెట్ ఇస్తే దానికైనా సరే అంటాడు. అక్కేమో ఇంటి లోన్ ఎవరు కడతారని అన్నం మానేసి కూర్చుంది. లీవ్ పెట్టి పోటీ చేసి, ఓడిపోతే మళ్ళీ స్కూల్లో చేరొచ్చా? తెలిసినోళ్ళు చెప్పండి.

పాత ఎస్‌జీటీ:
లీవ్ పెట్టి నిలబడే పని లేదు నాయనా. గవర్నమెంట్ టీచర్ అంటే ఆఫీస్ ఆఫ్ ప్రాఫిట్, అంటే సర్కారు కింద లాభం వచ్చే పదవి, రాజ్యాంగం 191 కింద అనర్హుడు, అసెంబ్లీ అయినా కౌన్సిల్ అయినా ఒకటే. అదిగాక 1964 కాండక్ట్ రూల్స్ ప్రకారం పార్టీ జెండా పట్టుకున్నా తప్పే. రాజీనామా చెయ్యాలి, చేస్తే చాలదు, నామినేషన్ల పరిశీలన (స్క్రూటినీ) నాటికి అది ఆమోదం అయి ఉండాలి. మీద ఏదైనా ఎంక్వైరీ పెండింగ్ ఉంటే ఆ ఫైలు కదలదు, జాగ్రత్త. ఓడిపోతే వెనక్కి తీసుకోరు.
పాత పెన్షన్ వాళ్ళయితే 20 ఏళ్ళు నిండినాక వాలంటరీ రిటైర్మెంట్ తీసుకుని దిగుతారు, ఊరికే రాజీనామా ఇస్తే చేసిన సర్వీసంతా గంగలో పోసినట్టే. మీ బావ సీపీఎస్, అంటే కొత్త పెన్షన్ కాబట్టి ఆయన పేరు మీద ప్రాన్ ఖాతాలో పడింది పోదు, కానీ నెల జీతం ఆగిపోద్ది, అక్క బాధ అదే.
ఇంకో సంగతి, జీవితమంతా ఒకటో తరగతికి అఆలు దిద్దించిన నాకు ఒక్కసారి కూడా టీచర్ ఎమ్మెల్సీ ఓటు లేదు. హైస్కూలు, ఆ పైన చెప్పేవాళ్ళకే, అదీ గత ఆరేళ్ళలో మూడేళ్ళు చెప్పి ఉండాలి. మేం టీచర్లం కాదేమో మరి.

ఒంగోలు గిత్త:
పైన సార్ చెప్పింది కరెక్ట్. నేను యూనియన్ వైపు నుంచి చెప్తా. మన టీచర్ ఎమ్మెల్సీ సీటు పాత ప్రకాశం, నెల్లూరు, చిత్తూరు జిల్లాలు కలిపి, పేపర్లో తూర్పు రాయలసీమ అని రాస్తారు (ఒంగోలోళ్ళం సీమలో ఎప్పుడు కలిశామో). దర్శి నుంచి కుప్పం దాకా ప్రతి స్టాఫ్‌రూమ్ తొక్కాలి, మండల పేరు సరిపోదు. విఠపు బాలసుబ్రహ్మణ్యం గారు ఇక్కడ గెలిచింది పీడీఎఫ్ (ప్రోగ్రెసివ్ డెమోక్రటిక్ ఫ్రంట్) తరఫున, వెనక యూటీఎఫ్ లాంటి టీచర్ల సంఘం ఉంది, 2021లో కౌన్సిల్ ప్రొటెం (తాత్కాలిక) చైర్మన్‌గా కూడా కూర్చున్నారు. 2023లో అదే సీటు వైసీపీ కొట్టింది. అంటే ఇప్పుడు పార్టీలు కూడా డబ్బు, మనుషుల్ని దించుతున్నాయి, సంఘం పేరొక్కటే చాలే రోజులు పోయాయని నా లెక్క. పైగా నిలబడేవాడు టీచరే కానక్కర్లేదు, రాష్ట్రంలో ఓటరై 30 ఏళ్ళు నిండితే ఎవరైనా దిగొచ్చు.
ఓటు కూడా ఈవీఎం కాదు, పేపరు మీద వాళ్ళిచ్చే ఊదా రంగు స్కెచ్ పెన్నుతో 1, 2, 3 అని నంబర్లు వెయ్యాలి, చెల్లిన ఓట్లలో సగం దాటితే గెలుపు. ఒకసారి ఏజెంటుగా కూర్చుంటే చూశా, ఏడాది పొడుగునా పేపర్లు దిద్దిన చెయ్యి కదా, కొందరు మనకి నచ్చినాయన పేరు పక్కన చక్కగా టిక్కు కొట్టేశారు. చెల్లలా. మన ఓట్లే పోయాయి.

సోమశిల నీళ్ళు:
ఎమ్మెల్యే టికెట్ మాట మర్చిపొమ్మని చెప్పబ్బయా. ముందు రాజీనామా చెయ్యి సారూ టికెట్ నీదే అంటారు, ఆఖరి రోజు బీ ఫారం, అదే పార్టీ టికెట్ కాయితం, ఇంకొకరి చేతిలో ఉంటాది.

కావలి పిల్లోడు:
అందరికీ థ్యాంక్స్. బావకి ఇదంతా చదివి వినిపించా, ఎమ్మెల్యే సంగతి వదిలేశాడు, ఎమ్మెల్సీకి మాత్రం 2028లో ఆలోచిస్తాడంట. ఓటర్ల లిస్టులో పాత పేర్లు ఉంటాయి కదా అంటున్నాడు, నిజమేనా?

ఒంగోలు గిత్త:
ఉండవు. ప్రతి ఎన్నికకీ లిస్టు కొత్తగా రాస్తారు, ఎన్నిక ముందు నవంబర్ 1 లెక్కన. ఫారం 19 నింపి హెచ్‌ఎం సర్టిఫికెట్ పెట్టాలి. గెలుపు సగం అక్కడే, ఆ ఫారాలు ఎవరు ఎక్కువ నింపిస్తే వాళ్ళది. మీ బావకి ట్రెజరీ చుట్టూ తిరిగే ఓపిక ఉందిగా, రాజీనామా గొడవ పక్కన పెట్టి ముందు ఈ పనికి దిగమను, ఆ మూడు పాత జిల్లాల్లో ఎంతమంది పలుకుతారో తెలిసొస్తది.