మగపిల్లవాడికి ‘అప్పన్న’ అని పేరు పెడితే తప్పా?

కొత్తనాన్న (ఎంవీపీ కాలనీ)
మాకు బాబు పుట్టాడు. వచ్చే వారం బారసాల. హస్తా నక్షత్రం మూడో పాదం కావడంతో ‘ణ’ అక్షరం వచ్చింది. ణతో మొదలయ్యే పేరు ఎవరికైనా తోస్తే చెప్పండి. సిద్ధాంతిగారే నవ్వేసి మీకు నచ్చింది పెట్టుకోమన్నారు. మాకు నచ్చింది అప్పన్న. నేను సింహాచలం కొండ కింద పెరిగినవాణ్ణి, ఆ కొండ మీది స్వామిని మేము పిలుచుకునేది అప్పన్న అనే. మా తాతగారి పేరూ అదే. మా అపార్టుమెంటులో విహాన్‌లే ముగ్గురున్నారు. కింద నిలబడి పిలిస్తే ఏ అంతస్తు నుంచి ఎవరు పలుకుతారో తెలియదు. మా అత్తగారిది గుంటూరు. “ఈ రోజుల్లో ఎవరైనా పెడతారా, బడిలో ఏడిపిస్తారు” అని ఆవిడ కళ్లనీళ్లు పెట్టుకుంటున్నారు. మామగారైతే మాట్లాడటమే మానేశారు. మీరేమంటారు?

పంతులమ్మ (సీతమ్మధార)
నిక్షేపంగా పెట్టండి. ఏడిపించాలనుకున్న పిల్లలకు పేరుతో పనిలేదు, ఏ పేరునైనా వంకర తిప్పుతారు. నిజంగా తిప్పలు పడేది ఎవరో చెప్పనా? శ్రీయాన్, శ్రేయాన్, శ్రేయాంశ్ ఒకే తరగతిలో ఉన్నప్పుడు ముందు మేము, తర్వాత వాళ్లు. మార్కుల కార్డులు తారుమారయ్యేది ఆ ముగ్గురివే. అప్పన్న అయితే బడి మొత్తానికి ఒక్కడే ఉంటాడు.

గాజువాక పెద్దాయన
నా పేరులో ‘అప్పల’ ఉంది కనుక నేను మాట్లాడవచ్చు. మేము వయసులో ఉన్నప్పుడు సినిమాల్లో ఆ పేరు ఎవరికి పెట్టేవారు? నౌకరుకి, తాగుబోతుకి, యాసతో జనాన్ని నవ్వించే పాత్రకి. హైదరాబాదులో మొదటి ఉద్యోగంలో చేరినప్పుడు నా పేరు రెండోసారి చెప్పించుకునేవారు, వినపడక కాదు. చివరికి పొడి అక్షరాల్లో దాచేసుకున్నాను.

మీ అబ్బాయి పెద్ద బడికి వెళ్తాడు, కారులో దిగుతాడు. వాడికి అప్పన్న అని ఉంటే ‘ఎంత కొత్తగా ఉంది’ అంటారు. అదే పేరు పోర్టులో కలాసీ కొడుక్కి ఉంటే అలా అంటారా? మా వీధిలో ఆటో నడిపే కుర్రవాళ్లు పిల్లలకు రేయాంశ్, ఆద్విక్ అని వెతికి వెతికి పెట్టుకుంటున్నారు. పేరు వినగానే తమ కులం, ఊరు, సంపాదన ఎదుటివాడికి తెలిసిపోకూడదని వాళ్ల తాపత్రయం. మీరు ముచ్చటపడి ఎత్తుకుంటున్న మూట వాళ్లు దించుకుంటున్నది. స్వామి మీద భక్తి ఉంటే ఆషాఢ పౌర్ణమికి గిరిప్రదక్షిణ చేయండి, ముప్పై రెండు కిలోమీటర్లు. ఆ నడక మీరు నడవాలి, బిడ్డ చేత నడిపించకూడదు.

లాసన్స్‌బే కుర్రవాడు
పెద్దాయనా, కాలం మారింది. పలాసలో వైద్యుడిగా పేరు తెచ్చుకుని రాష్ట్రమంత్రి అయిన సీదిరి అప్పలరాజు పేరు మార్చుకున్నారా? కింజరాపు ఎర్రన్నాయుడు ఆ పేరుతోనే 1996లో కేంద్రమంత్రి కాలేదా?

గాజువాక పెద్దాయన
అయ్యారు బాబూ. కానీ ఆ ఎర్రన్నాయుడు గారు 1987లో పుట్టిన కొడుక్కి ఏమని పెట్టారు? రామ్మోహన్ అని. నువ్వు చెప్పిన సాక్షి నా తరఫునే మాట్లాడుతున్నాడు.

లాసన్స్‌బే కుర్రవాడు
అందరూ అలా వదిలేస్తూ పోతే ఆ పేర్లు నౌకరు పాత్రల్లోనే మిగిలిపోతాయి కదా! కారులో దిగేవాడు పెట్టుకుంటేనైనా నవ్వు ఆగుతుందేమో.

రికార్డుల గుమాస్తా
భక్తి, కులం సంగతి మీరు తేల్చుకోండి. నేను కాగితం సంగతి చెబుతాను. జనన మరణాల నమోదు చట్టం 1969 నాటిది. పుట్టిన 21 రోజుల్లో జననం నమోదు కావాలి గానీ, పేరు అప్పుడే రాయనక్కర్లేదు. పేరు లేకుండానే నమోదు చేయించి, ఆ తర్వాత 12 నెలల్లోపు రుసుము లేకుండా చేర్చుకోవచ్చు. గడువు దాటితే ఆలస్య రుసుముతో 15 ఏళ్ల దాకా వీలుంది. ఒకసారి పేరు ఎక్కాక మార్చడం మాత్రం తలనొప్పి. పైగా 2023 అక్టోబరు 1 నుంచి పుట్టిన పిల్లలకు బడి, ఓటు, పాస్‌పోర్టు, డ్రైవింగ్ లైసెన్సు అన్నింటికీ పుట్టిన తేదీ రుజువు ఆ జనన ధ్రువపత్రమే. కనుక తొందరపడకండి. అప్పన్న అనే రాయించేటట్లయితే ఇంగ్లీషులో రెండు ‘పి’లు, రెండు ‘ఎన్’లు పడ్డాయో లేదో అక్కడే నిలబడి చూసుకోండి. ఒక్క అక్షరం జారితే పిల్లవాడు జీవితాంతం అఫిడవిట్లు రాసుకోవాలి.

డాలస్ విశాఖవాసి
ఇక్కడివాళ్లు మా విహాన్‌నూ సరిగ్గా పలకరు. విదేశం కోసమైతే ఏ పేరూ మార్చుకోవద్దు.

బాబు తల్లి
ఇంతసేపూ రాసింది మా ఆయన. బాబును కన్నదాన్ని నేను కాబట్టి నేనూ ఒక మాట చెబుతాను. అప్పన్న నాకూ నచ్చిందన్నది నిజమే. గాజువాక బాబాయిగారి మాటలు చదివాక రాత్రి నిద్రపట్టలేదు, అదీ నిజమే. కానీ మా నాన్న మాట్లాడకపోవడం ఆ పేరు పాతదని కాదు, మోటుదనీ కాదు. అటు తాతగారి పేరు పెడుతున్నారు, ఇటు తన పేరు ఎవరూ తలవనైనా తలవలేదు. ఈ మాట మా ఆయనకు ఇక్కడే చెబుతున్నాను, ఇంట్లో చెబితే ఫోను చూస్తూ ఊఁ అంటారు.

బారసాలలో పళ్లెంలో బియ్యం మీద ఎలాగూ ఒకటికి మించి పేర్లు రాస్తారు. ఒకటి అప్పన్న, ఒకటి మా నాన్నది. ధ్రువపత్రంలో ఏది ఎక్కాలో తేల్చుకోవడానికి గుమాస్తాగారు చెప్పిన ఏడాది ఉంది.

కొత్తనాన్న (ఎంవీపీ కాలనీ)
మామగారి సంగతి నాకు తట్టలేదు. ఫోను పక్కన పెట్టాను. రెండూ రాస్తాను.

గాజువాక పెద్దాయన
సంతోషం అమ్మా. అయితే ఈ ఏడాదంతా వాణ్ణి ఏమని పిలుస్తారో అదీ ఇప్పుడే అనుకోండి. మా అన్నయ్య కాగితాల మీద సత్యనారాయణ. డెబ్బై దాటాడు, ఊరందరికీ ఇప్పటికీ బుజ్జిగాడే.