జంపఖానాల సైటుకు స్టాటిక్ పేజీలు చాలవా?

కొత్తవాడ_మగ్గం:
వరంగల్ కొత్తవాడలో మాది జంపఖానాల పని. 2018లో వరంగల్ జంపఖానాలకు జీఐ (భౌగోళిక సూచిక) గుర్తింపు వచ్చినప్పటి నుంచీ సైటు పెట్టాలని బాపు అంటూనే ఉన్నాడు. డిజైన్లు ఓ ముప్పై ఉంటాయి. హనుమకొండలో ఒకాయన వర్డ్‌ప్రెస్‌లో (సైట్లు నడిపే రెడీమేడ్ సాఫ్ట్‌వేర్) చేసిస్తానంటున్నాడు. మా బావేమో మామూలు హెచ్‌టీఎంఎల్ పేజీలు చాలంటున్నాడు. ఇద్దరి మధ్య నాకు టెన్షన్.

నైట్‌షిఫ్ట్_కోడర్:
బావ మాట వినండి. ఆయన చెప్పేవి స్టాటిక్ పేజీలు, వర్డ్‌ప్రెస్‌వి డైనమిక్. స్టాటిక్ పేజీ అంటే నేసి మడతపెట్టిన జంపఖానా. ఎవరడిగినా సర్వర్ ఆ ఫైలు తీసి ఇచ్చేస్తుంది. డైనమిక్ అంటే అడిగాక మగ్గం ఎక్కించడం: సర్వర్‌లో పీహెచ్‌పీ కోడ్ నడవాలి, మైఎస్‌క్యూఎల్ అనే డేటాబేస్‌ను అడగాలి, అప్పుడు పేజీ తయారవ్వాలి. ముప్పై డిజైన్లకు ఇంత తతంగమా? స్టాటిక్ పేజీలు పెట్టుకునే గిట్‌హబ్ పేజెస్‌లో పెట్టేయండి, ఉచితం.

పాత_సర్వర్:
తమ్ముడూ, ఒక్క మాట. గిట్‌హబ్ పేజెస్‌ను వ్యాపారం నడుపుకునే ఉచిత హోస్టింగ్‌గా వాడొద్దని వాళ్ల నిబంధనల్లోనే ఉంది. దుకాణం సైటుకు అది చెప్పకు. మగ్గం పోలిక కూడా సగమే నిజం. వర్డ్‌ప్రెస్‌కు కాష్ పెడితే ఒకసారి తయారైన పేజీనే దాచి అందరికీ ఇస్తుంది. కాబట్టి వేగం పెద్ద తేడా కాదు.

అసలు సంగతి వేరే. రేపు నూలు ధర పెరిగితే ముప్పై పేజీల్లో రేట్లు మార్చేదెవరు? ఈ అడిగిన పిల్లగాడికి హైదరాబాద్‌లో ఉద్యోగం వస్తే? వర్డ్‌ప్రెస్ అయితే వాళ్ల బాపు ఫోన్‌లోనే మార్చుకోగలడు.

నైట్‌షిఫ్ట్_కోడర్:
గిట్‌హబ్ విషయంలో తప్పు నాదే. కానీ ముప్పై పేజీలు ఎందుకు దిద్దాలన్నా? పేజీలు తయారుచేసే హ్యూగో లాంటి ప్రోగ్రామ్ వాడితే ధరలన్నీ ఒకే ఫైల్లో ఉంటాయి. అక్కడ మార్చి మళ్లీ బిల్డ్ చేస్తే చాలు, పేజీలన్నీ అదే మళ్లీ తయారుచేస్తుంది.

పాత_సర్వర్:
ఆ 'బిల్డ్ చేస్తే చాలు' అనేది వాళ్ల బాపుకు చెప్పి చూడు.

కాజీపేట_జంక్షన్:
నేను దెబ్బతిన్నవాడిని. మా దుకాణం సైటు వర్డ్‌ప్రెస్‌దే. చేసినాయన డబ్బు తీసుకుని మళ్లీ ఫోన్ ఎత్తలేదు. ప్లగిన్లకు, అంటే వర్డ్‌ప్రెస్‌కు తగిలించే అదనపు ప్రోగ్రాములకు, రెండేళ్లు అప్‌డేట్ లేదు. వాటిలోంచి ఎవరో దూరారు. ఒకరోజు గూగుల్‌లో మా దుకాణం పేరు కొడితే కింద ఏవో విదేశీ మాత్రల ప్రకటనలు! మా మామ ముందు తల ఎత్తుకోలేకపోయాను. స్టాటిక్ సైటులో ఇట్లా దూరడానికి ప్లగిన్లే ఉండవు. హోస్టింగ్ పాస్‌వర్డ్ మాత్రం భద్రం.

మిర్చి_యార్డ్:
స్టాటిక్ అంటే కదలదనుకోకండి. చూసేవాళ్ల బ్రౌజర్‌లోనే నడిచే జావాస్క్రిప్ట్ కోడ్‌తో రంగును బట్టి డిజైన్లు వెతికే వీలు పెట్టొచ్చు. నొక్కితే వాట్సాప్ తెరుచుకునే లింకు ఇవ్వొచ్చు. ఒకే పీసును ఇద్దరు ఒకేసారి కొనకుండా ఆపాలన్నా, లాగిన్లు, ఆర్డర్ల లెక్క కావాలన్నా, అప్పుడు వెనక సర్వర్ ఉండి తీరాలి.

కొత్తవాడ_మగ్గం:
రేట్లు నెలకు ఎన్నిసార్లు మారతాయని బాపును అడిగాను. "రేటు సైట్ల పెడితే బేరమెట్లా అయితది? ఫోన్ చేస్తేనే చెప్త" అన్నాడు.

పాత_సర్వర్:
అయితే నా వాదన పోయినట్టే. సైజులు రాయి, ఫోన్ నంబరు పెద్దగా పెట్టు. డొమైన్ (సైటు అడ్రస్) మాత్రం చేసేవాడి పేరు మీద కాదు, బాపు పేరు మీదే కొనండి.