బరువూ సైజూ తెలిస్తే గ్రహం దేనితో చేసిందో చెప్పేయవచ్చా?

తోటపాలెం టీచర్ (రాత్రి 8.40)

విజయనగరంలో మా బడి సైన్స్ ప్రదర్శన కోసం తొమ్మిదో తరగతి పిల్లలు ఒక చార్టు చేశారు. ఎర్ర మరుగుజ్జు నక్షత్రాల (సూర్యుడికన్నా చిన్నవి, చల్లనివి) చుట్టూ తిరిగే చిన్న గ్రహాల బొమ్మలు వేసి, కొన్నిటి కింద "రాతి గ్రహం" అనీ, కొన్నిటి కింద "సగం రాయి, సగం నీరు" అనీ రాశారు. గీసింది వాళ్లే అయినా చెప్పింది నేనే. 2022లో రఫాయెల్ లూకే, ఎన్రిక్ పాయే 'సైన్స్' పత్రికలో ప్రచురించిన పత్రం నాకు ఆధారం. ఎర్ర మరుగుజ్జుల చుట్టూ ఉన్న 34 చిన్న గ్రహాల సాంద్రతలు లెక్కగడితే అవి మూడు గుంపులుగా విడిపోయాయని వాళ్లు రాశారు. భూమిలాంటి రాతి గ్రహాలు ఒక గుంపు. సాంద్రతలో వాటికి సగమే ఉండి, నీరూ రాయీ సమపాళ్లుగా ఉన్నట్టు కనిపించేవి రెండో గుంపు. వాయువు కప్పుకుని ఉబ్బినవి మూడోది.

చార్టు చూసిన ఒక పెద్దాయన "ఎవరమ్మా అక్కడికి వెళ్లి చెంబు ముంచి చూసింది?" అని అడిగారు. అప్పుడు నవ్వేశాను. ఇంటికి వచ్చాక నవ్వు రాలేదు. బరువు, సైజు తెలిసినంత మాత్రాన లోపల ఏముందో రాసేయవచ్చా? చార్టును శనివారం మళ్లీ పెట్టాలి. ఉంచమంటారా, మార్చమంటారా?

కళింగపట్నం దీపం (రాత్రి 9.05)

టీచరుగారూ, ఉంచండి. ఆ పెద్దాయన మాటకు జడవకండి. సూర్యుడిలో ఏముందో కూడా ఎవరూ చెంబు ముంచి చూడలేదు.

ఎర్ర మరుగుజ్జులనే ఎందుకు పట్టుకున్నారో పిల్లలకు ముందు చెప్పండి. గ్రహం నక్షత్రం ముందు నుంచి దాటినప్పుడు వెలుగు కాస్త తగ్గుతుంది. సూర్యుడి ముందు భూమి దాటితే తగ్గేది 0.0084 శాతం మాత్రమే. అదే 40 కాంతి సంవత్సరాల దూరంలోని ట్రాపిస్ట్-1 అనే ఎర్ర మరుగుజ్జు ముందు భూమంత గ్రహం దాటితే తగ్గుదల సుమారు 0.6 శాతం. ఆ నక్షత్రం వ్యాసార్ధం సూర్యుడిలో ఎనిమిదో వంతే కాబట్టి ఈ లాభం. బరువుకు మరో దారి ఉంది. అక్కడ ఏడు గ్రహాలు ఒకదాన్నొకటి లాగుతుంటాయి. అందుకే దాటే సమయాలు కొన్ని నిమిషాలు ముందో వెనకో అవుతాయి. ఆ తేడాల నుంచి 2021 నాటికి వాటి ద్రవ్యరాశులను 3 నుంచి 5 శాతం కచ్చితత్వంతో రాబట్టారు. చూడలేని వస్తువును ఇంత బాగా తూచాక "మాకేమీ తెలియదు" అనడం వినయం కాదు, బద్ధకం.

పలాస పిక్క (రాత్రి 9.30)

మాది జీడి వ్యాపారం. దీపంగారి లెక్కలు చదివాక ఊరుకోలేకపోయాను.

పిక్కల బస్తా 80 కిలోలు. కాటా వేస్తే బరువు తెలుస్తుంది, పిక్కను వేళ్ల మధ్య పట్టుకుంటే సైజు తెలుస్తుంది. అయినా ఏ వ్యాపారీ ఆ రెండింటితో ధర కట్టడు. కొన్ని పిక్కలు తీసి, కోసి, పప్పెంత, డొల్లెంత, పుచ్చెంత అని చూస్తాడు. బస్తాలో పప్పు పావు వంతుకు అటూ ఇటూ ఉంటుంది. లాభం నష్టం తేలేది ఆ "అటూ ఇటూ"లోనే. బరువు బాగుందని కొన్నవాడు కోశాక ఏడ్చిన సందర్భాలు మా ఇంట్లోనే ఉన్నాయి.

గ్రహంలో ఇనుము ఉంది, రాయి ఉంది, నీరు ఉండవచ్చు, పైన వాయువు ఉండవచ్చు. తెలియనివి నాలుగు, చేతిలో ఉన్న సంఖ్య ఒక్కటి, సాంద్రత. దీపంగారు చెప్పిన ట్రాపిస్ట్-1నే తీసుకోండి. ఆ ఏడు గ్రహాలూ భూమి పాళ్లతో చేసి ఉంటే ఉండవలసినదానికన్నా సుమారు 8 శాతం తక్కువ సాంద్రతతో ఉన్నాయి. ఎందుకని? కొలిచినవాళ్లే మూడు జవాబులు చెప్పారు. భూమిలో 32 శాతం ఉన్న ఇనుము అక్కడ 21 శాతమే ఉండవచ్చు. లేదా ఇనుమంతా తుప్పుగా మారి రాతిలో కలిసిపోయి, గర్భంలో ఇనుప ముద్దే లేకపోవచ్చు. లేదా పైన నీరు ఉండవచ్చు. తూకం బ్రహ్మాండంగా ఉంది, జవాబులు మూడు! వాటిలో ఒకటి ఏరుకుని చార్టు మీద రాస్తే అది జోస్యం.

గరివిడి గని (రాత్రి 10.10)

మాంగనీసు గనుల్లో పనిచేసి రిటైరయ్యాను. పిక్కగారి పోలిక బాగుంది గాని, ఒక సంగతి మరిచారు. బస్తా ఏ తోట నుంచి వచ్చిందో తెలిస్తే మీరు కోయకముందే కొంత అంచనా వేయరా?

నక్షత్రమూ దాని గ్రహాలూ ఒకే ధూళి మేఘం నుంచి పుడతాయి. ఇనుము, మెగ్నీషియం, సిలికాన్ ఏ పాళ్లలో ఉన్నాయో నక్షత్రపు వర్ణపటం, అంటే దాని వెలుగును రంగులుగా విడదీసిన పట్టీలో కనిపించే గీతలు, చూసి చెప్పవచ్చు. రాతి గ్రహానికి ముడిసరుకు అవే. పాళ్లు తెలిస్తే ఇనుము ఇంత, రాయి ఇంత అని ముందే కట్టేసి, మిగిలిన తేడాకు నీటినో వాయువునో బాధ్యత పెట్టవచ్చు. అప్పుడు తెలియనివి నాలుగు కాదు, రెండు. 2021లో సూర్యుడిలాంటి నక్షత్రాల చుట్టూ ఉన్న రాతి గ్రహాలను పోల్చి చూస్తే ఇనుము పాలు నక్షత్రంలో పెరిగిన కొద్దీ గ్రహంలోనూ పెరుగుతోందని తేలింది. గని తెలిస్తే ఖనిజం సగం తెలిసినట్టే.

బుడితి కంచు (రాత్రి 10.25)

గనిగారూ, మన సూర్యుడు ఒక్కడే, గని ఒక్కటే. భూమి బరువులో ఇనుప గర్భం మూడో వంతు. బుధుడిలో అది దాదాపు 70 శాతం. చంద్రుడిలో రెండు శాతం కూడా లేదు. పక్కపక్క ఇళ్లవాళ్లే ఇంత తేడాగా ఉంటే, గని పేరు చూసి దిమ్మెకు ధర కడతారా?

ఇంకొకటి. జీజే 367 బి అనే గ్రహం 31 కాంతి సంవత్సరాల దూరంలో, ఒక ఎర్ర మరుగుజ్జు చుట్టూ 7.7 గంటలకు ఒకసారి తిరుగుతుంది. దాని సాంద్రత ఘన సెంటీమీటరుకు 10 గ్రాములని 2023లో తేలింది. భూమిది 5.5. అంటే పైరాయి ఊడిపోయి ఇనుప ముద్ద మిగిలినట్టుంది. ఢీకొనడమో, మరేదో. నక్షత్రపు పాళ్లు చూసి దాన్ని ఎవరైనా ఊహించగలరా?

మా ఊళ్లో ఇత్తడి, కంచు రెండూ పోస్తారు. తూకంలో రెంటికీ తేడా చాలా తక్కువ. కొట్టి మోత విన్నవాడు మాత్రం కళ్లు మూసుకుని చెప్పేస్తాడు. గ్రహాన్ని కొట్టి మోత వినే దారి లేకపోవడమే మన తంటా.

గరివిడి గని (రాత్రి 10.50)

బుధుడి సంగతి ఒప్పుకుంటున్నాను. అసలు నా వాదానికి అంతకన్నా పెద్ద చిల్లు ఇంకొకటి ఉంది, మీరెవరూ పట్టుకోలేదు కాబట్టి నేనే చెప్తాను. నేను చెప్పిన పోలిక సూర్యుడిలాంటి నక్షత్రాలది. ఎర్ర మరుగుజ్జులు చల్లనివి. వాటి మీద అణువులు విడిపోకుండా నిలుస్తాయి. ముఖ్యంగా టైటానియం ఆక్సైడు వర్ణపటాన్ని నల్లటి దుప్పటిలా కప్పేస్తుంది, ఇనుము గీతలు దాని కింద పడిపోతాయి. మన భావనపాడు తీరంలో నల్ల ఇసుకను బరువెక్కించే ఇల్మెనైటులో ఉన్నది ఆ టైటానియమే. ఇక్కడ సంపద, అక్కడ అడ్డుతెర.

నిర్వాహకుడు (రాత్రి 10.55)

ఇసుక తవ్వకాల చర్చ ఇక్కడ మొదలుపెట్టవద్దు. దానికి వేరే విభాగం ఉంది.

కళింగపట్నం దీపం (ఉదయం 6.15)

రాత్రంతా మీరు నాకు వ్యతిరేకంగా పేర్చిన వాదాలు చదివాను. కొన్ని సరైనవే. కానీ ఒక్కో గ్రహం విషయంలో చిక్కు ఉందని మొత్తం గుంపు చెప్పేదాన్ని కొట్టేయకూడదు. ఒక మనిషి ఎత్తు చూసి వయసు చెప్పలేం, తరగతి మొత్తం ఎత్తులు చూస్తే అది మూడో తరగతా పదో తరగతా చెప్పవచ్చు. లూకే, పాయే చేసింది అదే. బరువూ సైజూ పెట్టి గ్రాఫు గీస్తే రెండో గుంపు గ్రహాలు చెదిరిపోకుండా ఒక గీత మీదే వచ్చాయి. సగం నీరున్న గ్రహానికి ఉండవలసిన గీత అది. నక్షత్రానికి దూరంగా, మంచు గడ్డకట్టే చోట పుట్టి లోపలికి జరిగిన గ్రహాలకు అలాంటి పాళ్లు సహజం. వాయువు వల్లే సాంద్రత తగ్గి ఉంటే అలా ఒక గీత మీద నిలుస్తాయా?

బుడితి కంచు (ఉదయం 7.40)

నిలవవచ్చని 2023లో జేమ్స్ రోజర్స్, హిల్కే ష్లిక్టింగ్, జేమ్స్ ఓవెన్ లెక్కవేసి చూపించారు. హైడ్రోజన్ చాలా తేలిక. గ్రహం బరువులో ఒక్క శాతం ఉన్నా చాలు, వ్యాసార్ధాన్ని బాగా ఉబ్బిస్తుంది. పుట్టిన కొత్తలో ఎక్కువ వాయువు ఉన్నా చాలావరకు మరిగి పోతుంది. కోట్ల ఏళ్లు చల్లబడ్డాక మిగిలిన పలుచని తొడుగుతో రాతి గ్రహాలు సరిగ్గా ఆ గీత దగ్గరికే చేరగలవని వాళ్ల లెక్క. నీటి ప్రపంచాలు లేవని వాళ్లు అనలేదు. ఉన్నాయనడానికి ఈ రుజువు చాలదన్నారు. గీత ఒకటే, దాని మీదికి వచ్చే దారులు రెండు.

మరో తిరకాసు ఉంది, దీన్ని ఎవరూ ముట్టుకోలేదు. గ్రహం వ్యాసార్ధాన్ని నేరుగా కొలవం, నక్షత్రంతో పోల్చి కొలుస్తాం. ఎర్ర మరుగుజ్జుల విషయంలో సిద్ధాంతం చెప్పే సైజుకన్నా కొలిచిన సైజు కొన్ని శాతాలు ఎక్కువగా తేలడం పాత తలనొప్పే. వ్యాసార్ధంలో 3 శాతం పొరపాటు సాంద్రతలో 9 శాతమవుతుంది. ట్రాపిస్ట్-1లో గొడవంతా 8 శాతం గురించేనని గుర్తుంచుకోండి.

పలాస పిక్క (ఉదయం 8.05)

అదీ మాట!

తోటపాలెం టీచర్ (మధ్యాహ్నం 1.20)

భోజన విరామంలో రాస్తున్నాను. మరి జేమ్స్ వెబ్ టెలిస్కోపు? నేరుగా వర్ణపటం తీస్తే నీరుందో లేదో తెలియదా? పిల్లలు ఇదే అడుగుతున్నారు.

కళింగపట్నం దీపం (మధ్యాహ్నం 2.00)

టీచరుగారూ, ఇక్కడ నా పక్షానికి కూడా చేదు కబురే ఉంది. జీజే 486 బి అని 26 కాంతి సంవత్సరాల దూరంలో ఒక రాతి గ్రహం ఉంది. 2023లో వెబ్ దాని మీద నీటి ఆవిరి ఛాయ చూసింది. చూసినవాళ్లే వెంటనే ఒక హెచ్చరిక జతచేశారు. ఎర్ర మరుగుజ్జు మీది మచ్చలు ఎంత చల్లగా ఉంటాయంటే వాటిలోనే నీటి ఆవిరి ఉంటుంది. కనిపించిన ఆవిరి గ్రహానిదా, నక్షత్రానిదా? తరువాత దాని వేడిని కొలిస్తే గాలి లేని వట్టి రాయిలా ప్రవర్తించింది.

వేడిని కొలిచే దారే ఇప్పుడు నమ్మకంగా కనిపిస్తోంది. గ్రహం నక్షత్రం వెనక్కి వెళ్లినప్పుడు తగ్గే పరారుణ కాంతిని చూస్తారు. ట్రాపిస్ట్-1 బి పగటివైపు సుమారు 230 డిగ్రీల సెల్సియస్ అని 2023లో తేలింది. గాలి లేని నల్లరాయికి ఉండవలసిన వేడి దాదాపు అంతే. అంతకుముందు 2019లో స్పిట్జర్ టెలిస్కోపుతో ఎల్‌హెచ్‌ఎస్ 3844 బి అనే గ్రహాన్ని చూసి, దట్టమైన గాలి లేదని, నేల బసాల్టులాంటి ముదురు రాయికి సరిపోతుందని, గ్రానైటులాంటి లేత రాళ్లకు సరిపోదని చెప్పారు. నాకైతే ఇది ఆశ్చర్యమే. సుమారు 49 కాంతి సంవత్సరాల దూరంలోని రాయి టెక్కలి క్వారీలో దొరికే రకం కాదని చెప్పగలుగుతున్నాం.

బుడితి కంచు (మధ్యాహ్నం 2.30)

అది పైతోలు. లోపలిది కాదు. గాలి లేనంత మాత్రాన నీరు లేదనీ అనలేం, కరిగిన శిలాద్రవంలో నీరు బోలెడంత ఇంకి దాక్కుంటుంది.

గరివిడి గని (సాయంత్రం 5.45)

పిక్కగారి కోత పరీక్ష నిజంగా జరిగే చోటు ఒకటుంది. చనిపోయిన నక్షత్రాలు, అంటే శ్వేత మరుగుజ్జులు, తమ దగ్గరికి వచ్చిన గ్రహశకలాలను చీల్చి మింగుతాయి. ఆ ముక్కలలోని ఇనుము, మెగ్నీషియం, సిలికాన్, ఆక్సిజన్ వాటి వర్ణపటంలో విడివిడిగా కనిపిస్తాయి. పిక్క పగిలి పప్పు బయటపడ్డట్టే.

అయితే మన ఎర్ర మరుగుజ్జులకు ఆ రోజు రాలేదు. విశ్వం వయసు 1380 కోట్ల ఏళ్లు, వాటి ఆయుష్షు అంతకు ఎన్నో రెట్లు. ఇప్పటివరకు ఒక్క ఎర్ర మరుగుజ్జు కూడా ముసలితనంతో చనిపోలేదు. కాబట్టి మనకు దొరికేవన్నీ వేరే తోటల పిక్కలు.

తోటపాలెం టీచర్ (రాత్రి 8.15)

ఈ సాయంత్రం పిల్లలతో కూర్చుని చార్టు తిరగరాయించాను. ప్రతి గ్రహం కింద కొలిచినవి, అంటే బరువు, వ్యాసార్ధం, నల్ల సిరాతో రాశాం. ఊహించినవి పెన్సిల్‌తో. ఎల్‌హెచ్‌ఎస్ 1140 బి కింద "10 నుంచి 20 శాతం నీరు కావచ్చు" అన్నది పెన్సిల్. ట్రాపిస్ట్-1 కింద మూడు జవాబులూ పెన్సిలే. నీటికి నీలం రంగు వేసిన అమ్మాయి మాత్రం చెరపనని భీష్మించింది. "రాయి అని కూడా ఎవరూ చూడలేదు కదా టీచర్, ఆ గోధుమరంగు ఎందుకు ఉంచారు?" అంది. నా దగ్గర జవాబు లేదు. నీలం అలాగే ఉంచాను.

కళింగపట్నం దీపం (రాత్రి 8.30)

ఆ అమ్మాయి నా పక్షం. సగం నీరన్న మాట మీద నేను ఇప్పటికీ నిలబడతాను, పెన్సిల్‌తోనే అయినా.

పలాస పిక్క (రాత్రి 8.50)

టీచరుగారూ, శనివారం విజయనగరంలో నాకు పని ఉంది, బడికి వస్తాను. ఒకే బరువు, ఒకే సైజు ఉన్న పిక్కలు పది ఏరి తెస్తాను. లోపల ఎంత పప్పుందో పిల్లలు ముందే చార్టు పక్కన రాయాలి. కోసేది మాత్రం నేనే. జీడి చేతికి అంటితే పొక్కులొస్తాయి.