నిర్మాణ సంస్థ ఉద్యోగులకు విద్యుత్ శిక్షణ: అందరినీ ఒకే తరగతిలో కూర్చోబెట్టవచ్చా?

ప్రశ్న (భద్రతా విభాగం ఉద్యోగి):

నమస్కారం. నేను ఒక నిర్మాణ సంస్థలో భద్రతా విభాగం చూస్తున్నాను. మా సైటులో సుమారు అరవై మంది పనిచేస్తున్నారు. వారిలో ఎలక్ట్రీషియన్లు ఆరుగురే. మిగిలినవారు తాపీ, సెంట్రింగ్, రాడ్ బెండింగ్, వెల్డింగ్, క్రేన్ పనులవారు. అందరికీ కలిపి ఒకే రోజున విద్యుత్ శిక్షణ ముగించాలని యాజమాన్యం అంటోంది. గత నెలలో స్లాబు వేస్తుండగా వైబ్రేటర్ వైరు అతుకు వద్ద ఒకరికి షాక్ కొట్టింది, అదృష్టవశాత్తు ప్రాణం దక్కింది. తరువాత బోర్డు తెరిచి చూస్తే, మాటిమాటికీ పడిపోతోందన్న విసుగుతో ఎవరో ఆర్‌సీసీబీని (కరెంటు లీకయితే సరఫరాను తెంచే స్విచ్చును) తప్పించి నేరుగా వైరు కలిపారని తెలిసింది. ఆ పని చేసినది ఎలక్ట్రీషియన్ కాకపోవడమే నన్ను ఎక్కువగా కలవరపెడుతోంది. ఇటువంటి బృందానికి శిక్షణ ఎలా ఇస్తే ఉపయోగపడుతుంది?

సమాధానం 1 (విద్యుత్ పర్యవేక్షకుడు):

అందరినీ ఒకే హాలులో కూర్చోబెట్టి తెరమీద బొమ్మలు చూపిస్తే హాజరు పట్టీ నిండుతుంది గాని పని జరగదండీ. ఎలక్ట్రీషియన్‌కు కావలసినది ఒకటి, తాపీ పనివారికి కావలసినది వేరొకటి. మీ ఆరుగురికి ఒక పూట పూర్తిగా కేటాయించి, సరఫరా ఆపడం, స్విచ్చుకు తాళం వేసి చీటీ కట్టడం, ఆ తరువాత టెస్టర్‌తో కరెంటు లేదని నిర్ధారించుకోవడం అనే మూడింటినీ మీ సైటు బోర్డుమీదే ఒక్కొక్కరి చేత చేయించండి. ఇక్కడ చాలామంది మరచిపోయే సంగతి ఒకటుంది: కరెంటు లేదని చెప్పే టెస్టర్ అసలు పనిచేస్తున్నదో లేదో, పరీక్షకు ముందూ తరువాతా కరెంటు ఉన్న చోట పెట్టి చూసుకోవాలి. జేబులో పెట్టుకునే నియాన్ టెస్టర్ వెలగలేదని తీగను పట్టుకున్నవారిని నేను చూశాను.

మిగిలినవారిని పనిని బట్టి పది పన్నెండు మంది చొప్పున విడదీయండి. క్రేన్, కాంక్రీటు పంపు నడిపేవారికి పైన వెళ్లే లైన్ల గురించి, అంటే తీగను తాకకపోయినా మరీ దగ్గరకు వెళితే కరెంటు గాలిలోంచి దూకగలదన్న సంగతి గురించి చెప్పాలి. పొడవాటి కడ్డీలనూ అల్యూమినియం నిచ్చెనలనూ మోసేవారికి కూడా ఆ పాఠం తప్పనిసరి. వైబ్రేటర్, కట్టర్ వాడేవారికి రోజూ పని మొదలయ్యే ముందు వైరు, ప్లగ్గు చూసుకోవడం చాలు. టేపు చుట్టిన అతుకు తడి కాంక్రీటులో ఆనిందంటే అది అతుకే కాదు.

సమాధానం 2 (శిక్షకుడు):

పై సమాధానంతో ఏకీభవిస్తున్నాను, అయితే మీ అసలు సమస్య ఆ ఆర్‌సీసీబీ. అది ఎందుకుందో తెలియనివారికి అది పనికి అడ్డుపడే వస్తువుగానే కనిపిస్తుంది. నేను తరగతిలో ఒక చిన్న లెక్క వేయిస్తాను. తడిసిన ఒంటి నిరోధం సుమారు 1000 ఓములనుకుంటే, 230 వోల్టుల తీగను తాకిన మనిషిలోంచి 230 మిల్లీ ఆంపియర్లు పారుతాయి. గుండె లయ తప్పడానికి అందులో సగమైనా అక్కరలేదు. కానీ 16 ఆంపియర్ల ఎమ్‌సీబీకి (కరెంటు మితిమీరితే సరఫరా ఆపే స్విచ్చుకు) అది లెక్కలోకే రాదు, ఎందుకంటే అది వైరును కాపాడేది, మనిషిని కాదు. 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ మాత్రం ఫేజ్‌లో వెళ్లినదీ న్యూట్రల్‌లో తిరిగి వచ్చినదీ పోల్చి, తేడా, అంటే మనిషిలోంచో మరో దారినో నేలకు పోయినది, 30 మిల్లీ ఆంపియర్లకు చేరితే 0.3 సెకను లోపే సరఫరా తెంచుతుంది. ఈ లెక్క చూసినవారు దానిని తప్పించడానికి మళ్లీ చేయి పెట్టరన్నది నా అనుభవం. అలాగని దానిమీదే భారం వేయకూడదు: ఫేజ్, న్యూట్రల్ రెండింటినీ ఒకేసారి పట్టుకుని, నేలకు కరెంటు పోని చోట నిలబడితే అది కాపాడలేదు.

అది మాటిమాటికీ పడిపోవడానికి కారణం ఉంటుంది. తడిసిన అతుకు కావచ్చు, లేదా ఒకే ఆర్‌సీసీబీ మీద చాలా యంత్రాలు పెట్టినందున వాటి చిన్న చిన్న లీకేజీలన్నీ కూడుకుని ఉండవచ్చు. యంత్రాలను ఒక్కొక్కటిగా తీసి చూసి, లోపమున్నదానిని పక్కన పెట్టి, మిగిలినవాటిని రెండు మూడు ఆర్‌సీసీబీలకు పంచండి.

సమాధానం 3 (సైట్ ఇంజనీరు):

నాకు ఒక భేదాభిప్రాయం ఉంది. రక్షించే పాఠం మాత్రం అందరికీ కలిపే చెప్పాలి, ఎందుకంటే షాక్ తగిలిన మనిషి పక్కన ఉండేది ఎలక్ట్రీషియన్ కాదు, తాపీ మేస్త్రీ. ముందు స్విచ్చు ఆపాలి, ఆపకుండా మనిషిని ముట్టుకోకూడదు, స్పృహ లేక మామూలుగా ఊపిరి తీసుకోకపోతే వైద్య సహాయానికి కబురు పంపి వెంటనే ఛాతీని నొక్కడం మొదలుపెట్టాలి. దీనిని శిక్షణకు వాడే మనిషి బొమ్మమీద ఒక్కొక్కరి చేత రెండు నిమిషాలు చేయించండి. అలసట ఎంత త్వరగా వస్తుందో చేసినవారికే అర్థమవుతుంది. దానికి ముందు మెయిన్ స్విచ్చు ఎక్కడుందో అడగండి. మా సైటులో అడిగినప్పుడు సగం మందికి తెలియలేదు.

ప్రశ్న అడిగినవారు:

అందరికీ ధన్యవాదాలు. రక్షణ పాఠం అందరికీ కలిపి ఒక గంట, మిగిలినది నాలుగు బృందాలుగా నాలుగు రోజులు పెట్టమని అడుగుతున్నాను. ఒక సందేహం: శిక్షణ ఫలించిందని ఎలా తెలుసుకోవాలి?

సమాధానం 2 (శిక్షకుడు):

రాతపరీక్ష పెట్టకండి. నెల తరువాత, చెప్పకుండా వెళ్లి, వైరు ఒకచోట చిట్లిన కట్టర్‌ను ప్లగ్గు పెట్టకుండా బల్లమీద ఉంచి దూరంగా నిలబడి చూడండి.