వియన్నా హోటల్ సాఖర్: అమ్మానాన్నలతో ఒక్క రాత్రికి అంత పెట్టొచ్చా?

గుంటూరు_టు_మ్యూనిక్

అందరికీ నమస్కారం. జూన్‌లో అమ్మానాన్న మ్యూనిక్ వస్తున్నారు, ఆ నెలలోనే వాళ్ల పెళ్లై 40 ఏళ్లు నిండుతాయి. నాన్న ఆర్టీసీలో కండక్టరుగా చేసి రిటైరయ్యారు, తిరుమల కాటేజీ తప్ప సొంత డబ్బుతో ఎక్కడా గది తీసుకున్న మనిషి కాదు. వాళ్లను వియన్నా తీసుకెళ్లి స్టేట్ ఒపేరా (పాటల నాటకాలు ఆడే పెద్ద థియేటర్) వెనక ఉన్న హోటల్ సాఖర్‌లో ఉంచాలని నాకు ఎన్నాళ్లుగానో కోరిక. కానీ రెండు గదులు, రెండు రాత్రులు అంటే నా నెల అద్దెను మించిపోతోంది. నాన్న గుడ్డు కూడా ముట్టరు, అమ్మకు మోకాళ్ల నొప్పులు. అంత పెట్టడం తగునా, లేక మామూలు హోటల్లో దిగి ఆ డబ్బుతో ఇంకో ఊరు చూపించమంటారా?

వియన్నా_వాసి

తొమ్మిదేళ్లుగా ఇక్కడే ఉంటున్నాను, మా అత్తగారి షష్టిపూర్తికి అక్కడే దిగాం. అమ్మగారి మోకాళ్ల కోసమే అయితే సాఖరే తీసుకోండి. ఎందుకంటే ఎదురుగా ఒపేరా, పక్కన అల్బర్టీనా మ్యూజియం, బయటికి రాగానే బండ్లు తిరగని కెర్ట్‌నర్ వీధి, మెల్లగా నడిచినా స్టీఫెన్ చర్చి పదిహేను నిమిషాలు. మ్యూనిక్ నుంచి రైలు నాలుగు గంటలు, హాప్ట్‌బానోఫ్‌లో (మెయిన్ రైల్వే స్టేషన్) దిగి యూ1 మెట్రో ఎక్కితే రెండో స్టేషనే కార్ల్స్‌ప్లాట్స్, అక్కడ దిగాలి.

ఎర్ర పట్టు గోడలు, నూనె రంగుల బొమ్మలు, పాత షాండ్లియర్లు, లోపలికి అడుగుపెడితే నిజంగా వేరే కాలం. 1876లో ఎడ్వర్డ్ సాఖర్ పెట్టాడు, 1892లో ఆయన పోయాక భార్య ఆనా నడిపింది. చుట్ట కాలుస్తూ, బుల్‌డాగ్‌లను వెంటేసుకుని, రాజులూ మంత్రులూ దిగే హోటల్‌ని ఒంటిచేత్తో నిలబెట్టిన మనిషి. అమ్మగారికి ఈ కథ చెప్పండి, చాలా నచ్చుతుంది.

సాఖర్ టోర్టెలో మాత్రం గుడ్లుంటాయి, నాన్నగారికి పెట్టకండి. 1832లో ఎడ్వర్డ్ తండ్రి ఫ్రాంజ్ పదహారేళ్ల కుర్రాడిగా అప్పటి ఆస్ట్రియా మంత్రి మెటర్నిక్ ఇంటి విందుకు చేశాడని చెప్పుకునే కేకు అది, ఆప్రికాట్ జామ్ పూసి పైన చాక్లెట్ పోస్తారు. ఆపిల్ స్ట్రూడెల్ (పల్చటి పిండి పొరలో ఆపిల్ ముక్కలు చుట్టి కాల్చేది) కూడా గుడ్డుందేమో అడిగాకే పెట్టండి, కొందరు పిండిలో గుడ్డు కలుపుతారు. రూమ్ బుక్ చేసేటప్పుడే గుడ్డు, మాంసం, చేప ఏవీ వద్దని విడివిడిగా రాయండి, ఉత్తి వెజిటేరియన్ అంటే ఇక్కడ గుడ్డు తింటారనే అనుకుంటారు. నీళ్ల సీసాలు కొనక్కర్లేదు, కుళాయిలో వచ్చేది 1873 నుంచీ కొండ ఊటల నీళ్లే.

రైలుబండి_రాజమండ్రి

తమ్ముడూ, గది విషయంలో జాగ్రత్త. బుడాపెస్ట్‌లో ఇలాంటి పాతకాలపు పెద్ద హోటల్లోనే అన్నిటికంటే తక్కువ రేటు గది తీసుకున్నా, పేరు చెప్పను గానీ, లాబీ చూస్తే కోట, గది చూస్తే కిటికీ తెరిస్తే ఎదురుగోడ. పాత భవనాల్లో ఒకే హోటల్లో గదులు ఒక్కో సైజులో ఉంటాయి. ఎన్ని చదరపు మీటర్లు, వీధివైపా లోపలి వైపా, బాత్‌టబ్బా నిలబడి చేసే షవరా, ఈ మూడూ మెయిల్లో అడుగు. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు టబ్ ఎక్కి దిగడం కష్టం. జెట్ స్ప్రే ఉండదనుకుని ఒక చెంబు పెట్టుకెళ్లు. డబుల్ బెడ్ అన్నా ఇద్దరికీ వేరే దుప్పట్లే ఇస్తారు, అమ్మానాన్నలకు అదే హాయి.

నెల్లూరు_అక్క

బాబూ, రేటు దాచకు. అందరూ దాచమనే చెబుతారు, నేనూ దాచాను. రోమ్‌లో గది తలుపు వెనక అంటించిన రేట్ల కాగితం మా నాన్న చదివేశారు. ఆ రాత్రి నిద్రపోలేదు, పొద్దున్న టిఫిన్ దగ్గర కూడా ముభావంగా కూర్చున్నారు, నాకు ఏడుపొచ్చింది. ఇంటి దగ్గరే చెప్పి ఉంటే రెండు రోజులు కోప్పడి ఊరుకునేవారు. మీ నాన్నగారు జీవితమంతా చిల్లర లెక్క తప్పకుండా టికెట్లు కొట్టిన మనిషి, నువ్వు ఇంత దాచాను, ఇంత ఖర్చుపెడతాను అని లెక్క చూపిస్తే ఆయనకు అర్థమవుతుంది. ఇంకోటి, రెండు రాత్రులు వద్దు, ఒక్కటి చాలు. పెందలాడే వెళ్లి సామాను ఇచ్చేసి, గది సిద్ధమయ్యేదాకా చుట్టుపక్కల తిరగండి. మర్నాడు ఖాళీ చేశాక కూడా సామాను అక్కడే ఉంచుకోవచ్చు.

వియన్నా_వాసి

అక్క మాట నిజం. జూన్ అన్నారు కాబట్టి చెబుతున్నా, కొన్ని సాయంత్రాలు లోపల జరిగే ఒపేరాను బయట మైదానంలో పెద్ద తెర మీద ఉచితంగా చూపిస్తారు, కుర్చీలు కూడా వేస్తారు. హోటల్ నుంచి రోడ్డు దాటితే చాలు. ఆ తేదీ చూసుకుని గది తీసుకోండి. జులై, ఆగస్టుల్లో ఒపేరాకు సెలవు.

గుంటూరు_టు_మ్యూనిక్

అక్కా, మీ పోస్టు చదివి ఇప్పుడే నాన్నకు ఫోన్ చేసి రేటు చెప్పేశాను. కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత "మీ అమ్మకు మంచం ఎత్తుగా ఉండకుండా చూడు" అన్నారు. ఒక్క రాత్రికే తీసుకుంటున్నా, తెర వేసే రోజు చూసి. మంచం ఎత్తు కూడా కలిపి హోటల్‌కు మెయిల్ రాస్తున్నా.