అప్‌డేట్: ఆపరేషన్ తర్వాత కుక్క ముందు కాలు వాపు, కారణం తెలిసింది

గర్భసంచి ఆపరేషన్ అయిన మూడో రోజు మా కుక్క ముందు కాలు వాచిందని, సూది గుచ్చిన చోట నరం (రక్తనాళం) తాడులా గట్టిపడిందని ఇక్కడ అడిగాను. జవాబిచ్చిన అందరికీ థాంక్స్. మత్తుమందు నరం బయటికి కారి ఉంటుందన్న మాటే నిజమైంది.

ఇచ్చిన మత్తుమందు థయోపెంటోన్. దాని పీహెచ్ 10 పైనే, అంటే ఘాటైన క్షారం. నరం దాటి కొంచెం కారినా చుట్టూ ఉన్న చర్మం కాలినట్టు చచ్చిపోవచ్చు. మా దానికి నరం లోపలి గోడ కూడా దెబ్బతిని రక్తం గడ్డకట్టింది. 5 శాతం ద్రావణంతో ముప్పు ఎక్కువ, కుక్కలకు సాధారణంగా 2.5 శాతమే వాడతారు. కారిన వెంటనే గమనిస్తే చుట్టూ సెలైన్ ఎక్కించి పలచన చేస్తారు. మూడో రోజుకి ఆ అవకాశం దాటిపోయింది.

డాక్టర్ రాసిన మోతాదులో మెలాక్సికామ్ (నొప్పి, వాపు తగ్గించే మందు), రోజుకు 4 సార్లు 10 నిమిషాల గోరువెచ్చని కాపడం, నాకకుండా మెడకు కోన్. వీటితో వాపు తగ్గింది. ఐదో రోజు రూపాయి బిళ్లంత చర్మం నల్లబడి ఊడింది. అక్కడ కాపడం ఆపి, సిల్వర్ సల్ఫాడయజిన్ (కాలిన గాయాలకు రాసే క్రీమ్) రాస్తే 3 వారాల్లో మానింది. నరం మాత్రం ఇంకా గట్టిగానే తగులుతోంది. ఇకపై సూది వేరే కాలికే.

ఇక్కడ కొందరు అనుమానించిన పిడుదు జ్వరం కాదు, ప్లేట్‌లెట్లు మామూలే. కట్టు బిగుసుకోవడమూ కాదు, విప్పాకే వాపు పెరిగింది. బ్రూఫెన్ వేయమన్న సలహా మాత్రం ఎవరూ పాటించకండి, కుక్కలకు అది విషం.