ఎమర్జెన్సీ అంటే తాతయ్యకి ఇంకా ఎందుకంత భయం?

ప్రశ్న: ప్రభుత్వాన్ని నాలుగు మాటలంటే చాలు, తాతయ్య లేచి వీధి తలుపు వేసేస్తారు. "గోడలకు చెవులుంటాయిరా" అంటారు. 1975–77 నాటి ఎమర్జెన్సీ పోయి దాదాపు 50 ఏళ్లయినా ఈ టెన్షన్ ఏంటండీ?

జవాబు: విచారణ లేకుండా నిర్బంధించే 'మీసా' చట్టం కింద కారణం చెప్పకుండానే లోపలేసేవారు బాబూ. కోర్టుకెళ్దామంటే, హెబియస్ కార్పస్ (అక్రమంగా నిర్బంధించారని కోర్టులో వేసే పిటిషన్) వేసే హక్కే లేదని 1976 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు తేల్చేసింది. ఐదుగురు జడ్జీల్లో కాదన్నది హెచ్.ఆర్. ఖన్నా ఒక్కరే. మరుసటి ఏడాది ఆయన్ని పక్కనపెట్టి జూనియర్‌ని చీఫ్ జస్టిస్‌ని చేశారు. మా నాన్న ప్రెస్సులో కంపోజిటర్. సెన్సారోళ్లు కొట్టేసిన పేరాల టైపు విప్పి, గళ్లలో సర్దుకుంటూ కూర్చునేవాడు. జీతం మాత్రం అంతే!

మరో జవాబు: అవన్నీ పాత కథలండీ.

జవాబు: ఏం పాత? 2012లో మహారాష్ట్రలో ఫేస్‌బుక్ పోస్టు పెట్టినమ్మాయితో పాటు లైక్ కొట్టినమ్మాయినీ అరెస్టు చేశారు. అందుకు వాడిన ఐటీ చట్టం 66ఏ సెక్షన్‌ని సుప్రీంకోర్టు 2015లో గానీ కొట్టెయ్యలేదు.